మనిషుండగా ఖాళీ ఇల్లు

రెండో అంతస్తు వసారాలో అడుగు పెట్టగానే అమ్మ పిలిచింది.

"పాపా."

టైలరమ్మ సంచి కింద పెట్టి, "ఆఁ, వస్తున్నా" అని వెనక్కి తిరిగింది. రెండడుగులు వేశాక ఆగింది. అమ్మ పోయి ఏళ్ళయింది. ఇది అమ్మ ఉన్న ఇల్లు కాదు. కోట గోడ లోపలి పాత ఊళ్ళో ఎవరో వర్తకుడు కట్టించుకున్న మేడ. దాన్ని హోటల్ చేసి గదికో బొమ్మ, మెట్టుకో శిల్పం పెట్టారు. ఆ బొమ్మల్లో కొన్ని తమ్ముడు చేసినవి. ఆమెని ఇక్కడికి తీసుకొచ్చింది కూడా వాడే.

ముందు నడుస్తున్న తమ్ముడు ఆగి ఆమె ముఖంలోకి చూశాడు.

"ముందే చెప్తే ఆ అనుభవం పోతుందని చెప్పలేదక్కా. అమ్మ గొంతే. ఎంత స్పష్టంగా ఉందో చూశావా?"

వసారా చివర గోడవారగా ఒక ఇనప మంచం వేసి ఉంది. పరుపు లేదు. మంచం పైన గోడలో అరచేతంత ఇత్తడి రేకు, దానికి చిల్లులు. గొంతు అందులోంచి వచ్చింది. కింద మోకాలి ఎత్తున గోడలో ఒక గాజు కన్ను ఉంది. మనిషి దాటితే అది కనిపెట్టి పైన స్పీకరుని మాట్లాడిస్తుందని తమ్ముడు చెప్పాడు.

"అమ్మది చెక్క మంచం కదరా," అంది ఆమె.

"ఇది అమ్మ మంచం కాదక్కా. మంచం అనే భావం."

"భావానికి పరుపెయ్యరా?"

తమ్ముడు నవ్వి, ఆమె సంచి తనే తీసుకుని గది తలుపు తీశాడు. మంచం, సోఫా, స్నానాలగది ఎలా వాడుకోవాలో చూపించాడు. దీపాలు ఎక్కడ నొక్కితే ఏది వెలుగుతుందో రెండుసార్లు చెప్పాడు. "ఇక్కడున్నన్నాళ్ళూ నువ్వు సూది ముట్టుకోకూడదు. ఎల్లుండి సాయంత్రం కింద హాల్లో నా ప్రసంగం ఉంది. ముందు వరసలో కూర్చుంటావు. అంతే నీ పని," అన్నాడు. కింద హోటల్ యజమానురాలు ఎదురుచూస్తోందని వెళ్ళిపోయాడు. వాడు దాటుతుంటే వసారాలో అమ్మ మళ్ళీ పిలిచింది. వాడి చెప్పుల చప్పుడు ఆగలేదు.

టైలరమ్మ కాసేపు మంచం అంచున కూర్చుంది. అలవాటుగా కర్టెన్ అంచు తిప్పి చూసింది. చేత్తో వేసిన కుట్టు. దగ్గరదగ్గరగా, దారం పైకి కనపడకుండా వేశారు. ఎవరో కళ్ళు పోగొట్టుకుని కుట్టారు. కర్టెన్ వదిలేసి తలుపు తీసుకుని బయటికొచ్చింది.

ఈసారి తెలిసి నడిచింది. గాజు కన్ను ముందు నిలబడింది.

"పాపా." కొంచెం ఆగి, "పాపా, ఓ పాపా." మళ్ళీ ఆగి, "ఎక్కడున్నావే?" తర్వాత చాలాసేపు ఏమీ లేదు. ఇక అయిపోయిందని ఆమె అనుకునేలోపు గట్టిగా వచ్చింది. "పాపా... పాపా... వినపడట్లేదా?"

తర్వాత గోడ మూగబోయింది.

ఆమెకి కన్నీళ్ళు వచ్చాయి. వస్తూనే ఆగిపోయాయి కూడా. ఏదో లోటుంది. మళ్ళీ కన్ను ముందు చెయ్యి ఊపింది. మళ్ళీ విన్నది. పిలుపుకీ పిలుపుకీ మధ్య ఖాళీలో ఆమె పెదవులు వాటంతట అవే కదిలాయి. అప్పుడు అర్థమైంది. ఆ ఖాళీలు ఆమెవి. ఆ ఇంట్లో అమ్మ పిలిస్తే ఆమె పలకని రోజు లేదు. కుట్టుమిషను ముందుగదిలో, అమ్మ మంచం పక్కగదిలో. తలుపు ఎప్పుడూ తీసే ఉండేది. పిలిచిన వెంటనే మిషను ఆగేది, ఆమె పలికేది, చెప్పులు చప్పుడయ్యేవి. ఇక్కడ మిషను లేదు, మాట లేదు, చెప్పులూ లేవు.

మంచం పక్కన చిన్న పలక ఉంది. వంగి చదివింది. 'ఖాళీ ఇల్లు', ఇనుము, శబ్దం. కింద తమ్ముడి పేరు. ఇంకా కింద చిన్న అక్షరాల్లో, 'పిలుపు ఉంది. పలికే మనిషి లేదు.'

మెట్ల మీంచి ఒక జంట వచ్చింది. వాళ్ళకీ అమ్మ పిలిచింది. ఇద్దరూ నిలబడి చివరిదాకా విన్నారు. ఆడమనిషి గొంతు మీద చెయ్యి వేసుకుంది.

"పాపం, ఎవరూ లేరా ఆవిడకి?"

"ఎందుకుండరు? ఉండే ఉంటారు. ఎక్కడో చల్లగా ఉంటారు," అన్నాడు మగమనిషి. "కన్నందుకు ఇదీ ప్రతిఫలం."

"ఆ పాపకి ఇది వినిపించాలండీ. తిండి సహిస్తుందేమో చూడాలి."

టైలరమ్మ వాళ్ళ పక్కనే గది తాళంచెవి పట్టుకుని నిలబడి ఉంది. ఆడమనిషి ఆమెని చూసి, బాధ పంచుకుంటున్నట్టు తల ఊపి వెళ్ళింది.

మర్నాడు పొద్దున్నే గదులు సర్దే ఆవిడ తలుపు తట్టింది. టైలరమ్మకన్నా కాస్త చిన్నది. దుప్పట్ల బండి తోసుకుంటూ వసారాలో అవతలి గోడని రాసుకుంటూ నడిచొచ్చింది. అలా నడిస్తే గాజు కంటికి ఆనరు. ఆమె వచ్చినప్పుడు అమ్మ పిలవలేదు.

"మీరు కూర్చోండి మేడమ్, నేను సర్దేస్తాను."

టైలరమ్మ కూర్చోలేదు. దుప్పటి రెండో కొస పట్టుకుంది. గదులు సర్దే ఆవిడ ఒకసారి తలుపు వైపు చూసి ఊరుకుంది. ఇద్దరూ విదిలించారు. ఆవిడ పరుపు మూల ఎత్తి, దుప్పటి మడత పెట్టి, లోపలికి తోసి అరచేత్తో నొక్కింది. ఇస్త్రీ చేసినట్టు వచ్చింది.

"బాగుంది," అంది టైలరమ్మ. "మనిషి పడుకుని ఉండగా మార్చారా ఎప్పుడైనా?"

"అమ్మో. అదెలాగండీ?"

"సగం చుట్టచుట్టి వీపు కిందికి తొయ్యాలి. మనిషిని మనవైపు దొర్లించుకుని, అవతలికెళ్ళి ఆ చుట్ట లాగాలి. ముడత మిగలకూడదు. ముడత ఉంటే మర్నాటికి అక్కడ చర్మం ఎర్రబడుతుంది."

"అలా చాన్నాళ్ళు చేసినట్టున్నారే."

"చేశాను."

గదులు సర్దే ఆవిడ దిండు గలీబు తొడుగుతూ గొంతు తగ్గించింది. "మేడమ్ అనకపోతే మేనేజరు అరుస్తాడు. ఆయన లేనప్పుడు వదినగారూ అంటా, ఏమనుకోకండి. వదినగారూ, మీరు రాత్రి ఎలా పడుకున్నారు ఆ గొంతు పక్కన? గోడలకి చెవులుంటాయని విన్నాం గానీ నోళ్ళుంటాయని ఇక్కడికొచ్చాకే చూశాను."

"మీరు ఆ గోడని రాసుకుంటూ వస్తున్నది అందుకేనా?"

"మరి? అది పెట్టిన రోజు నాకెవరూ చెప్పలేదు. బండి తోసుకుంటూ వస్తున్నా, ముసలావిడ పిలుస్తోంది. ఏ గదిలో పడిపోయిందో ఏమో అని తలుపులన్నీ బాదాను. ఎవరో పెద్దాయన తువ్వాలు చుట్టుకుని బయటికొచ్చి తిట్టాడు. అవతల ఈవిడ పిలుస్తూనే ఉంది. వస్తున్నా తల్లీ, ఎక్కడున్నావు తల్లీ అని నేనూ అరిచాను. మేనేజరు వచ్చి చూసి, గోడ పట్టుకుని నవ్వాడు. కింద వంటవాళ్ళు ఇప్పటికీ నన్ను 'పాపా' అనే పిలుస్తారు." ఆవిడా నవ్వింది. తర్వాత నవ్వు ఆపి దిండుని గట్టిగా తట్టింది. "నవ్వుతాం గానీ వదినగారూ, పోతూపోతూ వింటే పేగులు మెలితిరుగుతాయి. ఆ పాప ఎవరో, దాని చెవుల్లో సీసం పొయ్య. అంతలా పిలుస్తుంటే ఒక్కసారి పలికితే దాని సొమ్మేం పోయింది? అలాంటిది నా కంటపడాలి, చీపురు తిరగేస్తాను."

టైలరమ్మ దుప్పటి అంచు సరిచేస్తూ ఉంది. సరిచెయ్యడం పూర్తి చేసింది.

"ఆ పాపని నేనే," అంది.

గదులు సర్దే ఆవిడ చేతిలో రెండో దిండు అలాగే ఉండిపోయింది.

"పలికాను," అంది టైలరమ్మ. "ప్రతిసారీ పలికాను. కత్తిరించేశారు."

"ఎవరు?"

"తమ్ముడు."

ఆవిడ దిండు మంచం మీద పెట్టింది. కళ్ళు కిందికి దించుకుని, "నోరు జారాను వదినగారూ. నా నోట్లో మన్ను పడ," అంది.

"మీరేం చేస్తారు? విన్నదాన్ని బట్టి అన్నారు. నేనైనా అదే అందును."

ఆ మాట అన్నాక టైలరమ్మకి కోపం వచ్చింది. చెప్పులేసుకుని కిందికి దిగింది. వసారాలో నడుస్తున్నప్పుడు అమ్మ పిలిస్తే పళ్ళు బిగించింది.

తమ్ముడు పెరట్లో రాతి తొట్టె పక్కన కాఫీ తాగుతున్నాడు. తొట్టెలో నీళ్ళు లేవు. గాజు చేపలు నింపారు. ఆమెని చూడగానే కుర్చీ లాగాడు.

"నిద్ర పట్టిందా అక్కా? పరుపు ఎలా ఉంది?"

"నా మాట ఏదిరా?"

"ఏ మాట?"

"అమ్మ పిలిస్తే నేను పలికిన మాట."

తమ్ముడు కప్పు కింద పెట్టాడు. ఈ ప్రశ్న వస్తుందని తెలిసినట్టే ఉన్నాడు. "అక్కా, అది నీ గురించి కాదు. అమ్మ గురించి కూడా కాదు. లోకంలో పిలిచి పిలిచి అలిసిపోయిన వాళ్ళందరి గురించి."

"పిలిచింది నన్ను. నా గురించి కాకపోతే పొరుగింటావిడ గురించా?"

"అబ్బా. నువ్వు పలికితే అది ఒక ఇంటి సంగతి. పలక్కపోతే అందరి సంగతి. జవాబు తీసేస్తే విన్నవాడే జవాబు చెప్పాలి. వాడి లోపల్నుంచి రావాలి."

"వస్తోంది. చెవుల్లో సీసం పొయ్యమని వస్తోంది. పొద్దున్నే నా గదిలో నా మొహం మీదే అన్నారు."

"ఎవరన్నారు? మేనేజరుకి చెప్తాను."

"మేనేజరు దాకా ఎందుకు? ఆవిడ అన్నది తప్పు కాదు. మనిషుండగా ఖాళీ ఇల్లని రాశావే, అది తప్పు. నేను ఆ ఇంట్లో మనిషిని కాదా? గోడనా?"

పక్క బల్ల దగ్గరివాళ్ళు తిరిగి చూశారు. తమ్ముడు ముందుకి వంగి నెమ్మదిగా మాట్లాడాడు. చిన్నప్పుడు తప్పు చేసి దొరికినప్పుడూ వాడు గొంతు అలాగే తగ్గించేవాడు.

"మెల్లిగా అక్కా. నువ్వు చేసినదంతా నాకు తెలీదా? ఎక్కడికెళ్ళినా చెప్తాను, మా అక్క లేకపోతే మా అమ్మ లేదని."

"ఎక్కడికో వెళ్ళి చెప్పడం కాదు. ఆ పలక మీద రాయి. నా మాట తిరిగి పెట్టు."

"కుదరదు."

"ఎందుకు?"

"కుదరదంతే. అది హోటల్ వాళ్ళు కొనేశారు. ఉన్నదున్నట్టు కొన్నారు."

"ఉన్నదున్నట్టు! ఉన్నది కత్తిరించి అమ్మి, ఉన్నదున్నట్టు కొన్నారంటావు."

తమ్ముడు గాజు చేపల వైపు చూస్తూ అన్నాడు, "నీ మంచికే తీసేశాను."

"ఏం మంచి?"

"వద్దులే అక్కా. నువ్వు తట్టుకోలేవు."

"అమ్మని ఎత్తి పడుకోబెట్టినదాన్ని. తట్టుకుంటాను. ఏం మంచో చూపించు."

వాడి గది ఆమె గదికన్నా పెద్దది. గోడనిండా వాడు గీసిన అమ్మ చేతులు. బల్లమీద లాప్‌టాప్ తెరిచాడు. వెతుకుతూ, "మొత్తం రికార్డు ఎప్పుడూ ఎవరికీ వినిపించలేదు. నీకు తప్ప వినిపించను కూడా," అన్నాడు.

ముందు మిషను వినపడింది. ఆమె మిషనే. చక్రం తిరిగినప్పుడల్లా చిన్న కీచు, ఎంత నూనె పోసినా పోనిది. బడి యూనిఫారాలు కుడుతున్న రోజులు. మందపాటి గుడ్డ మీద మిషను బరువుగా నడుస్తోంది.

"పాపా."

మిషను ఆగింది. "వస్తున్నానమ్మా." చెప్పులు. గ్లాసు. నీళ్ళు మింగిన చప్పుడు. తను అమ్మ మూతి తుడిచి ఉంటుంది, ఏదో గుడ్డ రాసుకున్నట్టు వినపడింది. చెప్పులు వెనక్కి. మళ్ళీ మిషను.

"పాపా, ఓ పాపా."

మిషను ఆగింది. "ఏంటమ్మా, ఇప్పుడేగా వచ్చి వెళ్ళాను." చెప్పులు. "ఏం కావాలి? ఏమీ వద్దా? మరెందుకు పిలిచావు?" అమ్మ ఏమీ చెప్పలేదు. చెప్పులు వెనక్కి. మిషను.

"ఎక్కడున్నావే?"

మిషను ఆగింది. ఆగిన చప్పుడే వేరుగా ఉంది. చక్రాన్ని చేత్తో పట్టి ఆపినట్టు.

"ఎక్కడుంటాను, నీ నెత్తిన! ఇక్కడే చస్తున్నా! రేపటికి ఈ గుట్టంతా ఇచ్చెయ్యాలి. ఊరికే ఊరికే పిలుస్తావేంటి? ఇంకోసారి పిలిచావంటే మంచంతో సహా ఎత్తుకెళ్ళి వీధిలో పడేస్తాను. చావవు, చావనివ్వవు!"

తమ్ముడు మీట నొక్కి ఆపాడు.

"ఇది పెట్టమంటావా?" అన్నాడు. వాడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అవి నిజం నీళ్ళే. "ఈ హోటల్ గోడలో, వచ్చేపోయేవాళ్ళు వినేలా? నేను నిన్ను దాచాను అక్కా. నువ్వు నన్ను దొంగంటున్నావు."

ఆ మధ్యాహ్నం టైలరమ్మకి తెలుసు. ఆ మాట తనకి తప్ప ఇంకెవరికీ గుర్తుండదనుకుంది. ఆ సాయంత్రం నుంచి అమ్మ రెండు రోజులు పిలవలేదు. దాహమేసినా పిలవలేదు. ఆమె తనంతట తనే వెళ్ళి నీళ్ళు పట్టిస్తే తాగింది, ముఖం పక్కకి తిప్పుకుంది. అమ్మ పోయాక కూడా మిషను తొక్కుతుంటే ఒక్కోసారి ఆ మాట గుర్తొచ్చి కాలు ఆగిపోయేది.

"పోనివ్వు," అంది.

"ఇంకేం లేదక్కా. చివరి పిలుపొక్కటే."

"అదీ పోనివ్వు. ఆ చివరిసారి నేను పలకలేదేమో. అది కూడా విననీ."

తమ్ముడు తటపటాయించాడు. ఆమె చెయ్యి చాచి, వాడు నొక్కిన చోటే నొక్కింది.

మిషను మళ్ళీ మొదలైంది, ముందుకన్నా వేగంగా. దానికన్నా దగ్గరగా, ఊపిరి తగిలేంత దగ్గరగా అమ్మ గొంతు వచ్చింది. పిలుపు కాదు. మామూలుగా మాట్లాడుతోంది.

"చాలురా. అది విసుక్కుంటోంది."

వెంటనే ఒక మగగొంతు. "ఇంకొక్కసారమ్మా. ఈసారి గట్టిగా పిలువు. మధ్యలో అక్క మాట పడుతోంది."

"పనిలో ఉందిరా పాపం."

"అక్క పలికేలోపు ఆపేస్తాలే. నా కోసం. ఇంకొక్కసారి."

కాసేపు మిషను ఒక్కటే. తర్వాత అమ్మ గొంతు సవరించుకుంది.

"పాపా... పాపా... వినపడట్లేదా?"

రికార్డు అక్కడ ఆగిపోయింది.

తమ్ముడు లాప్‌టాప్ మూత మీద చెయ్యి పెట్టాడు గానీ మూయలేదు. "మర్చిపోయాను," అన్నాడు. "ఒట్టు అక్కా. ముక్కలు కోసేటప్పుడు నా మాటలు పక్కన పడేశాను. ఆ తర్వాత మళ్ళీ వినలేదు."

"నువ్వు అమ్మ దగ్గర కూర్చున్నావు," అంది ఆమె. "తలుపులోంచి నీ వీపు కనపడింది నాకు. తమ్ముడు అమ్మ పక్కన కూర్చున్నాడు, ఇవాళ నిశ్చింతగా కుట్టుకోవచ్చు అనుకున్నాను. నువ్వుండగా నన్నెందుకు పిలుస్తోందో అనుకున్నాను. కొడుకుని అడగడానికి సిగ్గుపడుతోందేమో అనుకున్నాను."

"అక్కా..."

"ఊరికే ఊరికే పిలిచిందని తిట్టాను. ఊరికే కాదు. నువ్వు పిలవమంటే పిలిచింది. తిట్లు తిని కూడా, నువ్వు అడిగావని మళ్ళీ పిలిచింది."

"నాకేం తెలుసు నువ్వు అంత మాట అంటావని?"

ఆమె లేచింది. కొడుతుందేమో అన్నట్టు వాడు కొంచెం వెనక్కి జరిగాడు. ఆమె కొట్టలేదు.

"రేపు సాయంత్రం అందరి ముందూ ఇది చెప్పు. నా మాట పెట్టకపోతే పోనీ. నువ్వు గదిలో ఉన్నావని చెప్పు. పిలవమన్నది నువ్వేనని చెప్పు. నువ్వే చెప్పాలి."

"చెప్తాను," అన్నాడు తమ్ముడు. తల ఊపాడు. "చెప్తానక్కా."

గదికొచ్చి ఆమె సంచి సర్దుకుంది. బస్సులు మధ్యాహ్నం దాకా ఉంటాయి. సంచి భుజాన వేసుకుని, హోటల్ దాటి, రాళ్ళు పరిచిన వీధిలో కోట ద్వారం దాకా నడిచింది. యాత్రికులు గోడని ఆనుకుని ఫొటోలు దిగుతున్నారు. ఆమె ఒక అరుగు మీద కూర్చుంది. తను వెళ్ళిపోతే రేపు ఆ హాల్లో వాడు ఏది చెప్తే అదే చెల్లుతుంది. ఇల్లు నిజంగానే ఖాళీ అవుతుంది. కాసేపటికి లేచి వచ్చిన దారినే వెనక్కి నడిచింది. వసారాలో గాజు కంటి ముందునుంచే వెళ్ళింది. అమ్మ పిలిచినప్పుడల్లా పలికింది. "ఇక్కడే ఉన్నానమ్మా" అంది. ఎదురు గది తలుపు కొంచెం తెరుచుకుని మూసుకుంది.

మూడోరోజు సాయంత్రం కింద హాల్లో కుర్చీలన్నీ నిండాయి. గోడలకి పెద్ద పెద్ద చట్రాలు, వాటిమీద దీపాలు. తమ్ముడు చెప్పినట్టే ఆమెకి ముందు వరసలో కుర్చీ వేశారు. పక్కన యజమానురాలు. "మీరేనా పాప? మిమ్మల్ని చూడాలని ఎంత అనుకున్నానో," అంటూ చెయ్యి పట్టుకుంది. వెనక వరసలో మొన్నటి జంట ఉంది. గదులు సర్దే ఆవిడ తలుపు దగ్గర గ్లాసుల పళ్ళెం పట్టుకుని నిలబడింది.

తమ్ముడు మైకు పట్టుకుని తన పని గురించి చెప్పాడు. ఇనుము గురించి, శబ్దం గురించి చెప్పాడు. అడగాల్సినవాళ్ళు అడిగారు. మొన్నటి ఆడమనిషి లేచి నిలబడింది.

"మీ అమ్మగారు అలా పిలుస్తుంటే ఎవరూ పలకలేదా అండీ? నాకు రెండు రోజులుగా అదే."

తమ్ముడు మైకుని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. ముందు వరస వైపు చూశాడు. టైలరమ్మ కళ్ళు తిప్పుకోలేదు.

"ఒక నిజం చెప్తాను," అన్నాడు. "ఇంతవరకూ ఎక్కడా చెప్పలేదు. ఆ గదిలో నేనున్నాను."

టైలరమ్మ పట్టిన ఊపిరి వదిలింది.

"మా అమ్మని పిలవమన్నది నేనే. ఇంకోసారి అన్నాను, పిలిచింది. మళ్ళీ అన్నాను, మళ్ళీ పిలిచింది. లేవలేని మనిషి, గొంతు సవరించుకుని, కొడుకు కోసం పిలిచింది. మీరు విన్నది ఒంటరితనం కాదు. ఒక తల్లి తన బిడ్డ కళకి ఇచ్చిన ఆఖరి కానుక. మా అమ్మ నా మొదటి నటి. ఆవిడ లేకపోతే నేను లేను."

ముందు ఎవరో ఒకరు చప్పట్లు కొట్టారు. తర్వాత అందరూ కొట్టారు. ప్రశ్న అడిగిన ఆడమనిషి ఏడుస్తూ కొట్టింది. యజమానురాలు టైలరమ్మ చెయ్యి వదిలేసి తనూ కొట్టింది. తమ్ముడు కళ్ళు తుడుచుకున్నాడు. చెప్తానన్నది చెప్పాడు. ఒక్క మాట కూడా అబద్ధం కాదు.

టైలరమ్మ చేతులు ఒళ్ళో ఉన్నాయి.

"ఇంకో కబురు," అన్నాడు తమ్ముడు. గొంతులో ఉత్సాహం వచ్చింది. "ఆ పిలుపుకి పలికిన మనిషి ఉంది. మా అక్క. ఆ మాటలు నా దగ్గరున్నాయి. నిన్న రాత్రి హోటల్ మేడమ్‌తో మాట్లాడాను. కింద వసారాలో అక్క గొంతుతో రెండో భాగం రాబోతోంది. పైన పిలుపు, కింద పలుకు. ఒకటి వింటే ఇంకోటి వినపడదు. దాని పేరు 'అక్క'."

మళ్ళీ చప్పట్లు. యజమానురాలు ఆమె వైపు వంగి, "మీకు ముందే చెప్పొద్దన్నాడు. ఆశ్చర్యపరచాలట," అంది.

"ఆవిడ ఇక్కడే ఉన్నారు," అన్నాడు తమ్ముడు. చెయ్యి చాచాడు. "అక్కా."

తలలన్నీ తిరిగాయి. ఎవరో ఫోను పైకెత్తి పట్టుకున్నారు.

టైలరమ్మ కదల్లేదు.

"అక్కా, ఇలా రా. ఒక్క నిమిషం."

పక్కవాళ్ళు దారి ఇవ్వడానికి మోకాళ్ళు పక్కకి జరుపుకున్నారు. యజమానురాలు మోచేత్తో మెల్లిగా తట్టింది. తమ్ముడు నవ్వాడు. "మా అక్కకి సిగ్గెక్కువ," అన్నాడు మైకులో. కొందరు నవ్వారు. వాడు చాచిన చెయ్యి అలాగే ఉంది.

"అక్కా."

చప్పట్లు ఆగిపోయాయి. చివరి వరసలో ఎవరో దగ్గారు. ఫోను పట్టుకున్న మనిషి దాన్ని దించి ఒళ్ళో పెట్టుకున్నాడు. తమ్ముడు మైకు పెదవులకి దగ్గరగా తెచ్చుకున్నాడు. నవ్వు ఇంకా ముఖం మీద ఉంది గానీ దాన్ని ఎలా తియ్యాలో వాడికి తెలియడం లేదు.

"అక్కా... వినపడట్లేదా?"

ఆమెకి వినపడుతూనే ఉంది. అందరికీ వినపడింది. ఆమె కుర్చీలో వెనక్కి ఆనుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, వాడి వైపే చూస్తూ కూర్చుంది.